స్పూను ఇస్తే విసిరేస్తున్నాడు, సొంతంగా తినడం ఎలా అలవాటు చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. బాబుకి 19 నెలలు. నానమ్మగారు ఒళ్లో కూర్చోబెట్టుకుని, ఫోన్లో పాటలు పెట్టి తినిపిస్తారు. రెండు నెలల్లో మీరు మళ్లీ ఆఫీసుకి వెళ్లాలి, బాబు డేకేర్‌కి వెళ్లాలి. అక్కడివాళ్లు స్పూనుతో తినడం నేర్పి పంపమన్నారు. స్పూను చేతికిస్తే కాసేపు కొరికి విసిరేస్తాడు. ఒక్కోసారి ఎడమ చేత్తో పట్టుకుంటాడు. పక్కింటి పాప ఏడాదిన్నరకే చక్కగా తింటోంది. పైగా, చేత్తో తినడం అలవాటైతే ఇక స్పూను పట్టడని ఎవరో మిమ్మల్ని భయపెట్టారు.

ఆ చివరి భయం సంగతి ముందు చూద్దాం, మిగతాదంతా దాని మీదే ఆధారపడి ఉంది కాబట్టి. చేత్తో తింటే స్పూను రాదన్నది నిజం కాదు. నేను చూసినంతవరకు, అసలు చేత్తో తినని పిల్లలకే స్పూను ఆలస్యంగా వస్తుంది. నేను చిన్నపిల్లల ఆక్యుపేషనల్ థెరపిస్టుని, అంటే తినడం లాంటి రోజువారీ పనులు సొంతంగా చేసుకోవడంలో పిల్లలకి సాయం చేస్తాను. చాలా ఏళ్లుగా ఇదే పని. "స్పూను పట్టట్లేదండీ" అని తీసుకొచ్చే పిల్లల్లో ఎక్కువమందికి స్పూనుతో పేచీ ఏమీ ఉండదు. వాళ్లు తమ చేత్తో తమ నోట్లో అన్నం పెట్టుకున్న రోజే లేదు, అదీ అసలు విషయం. నోరు ఎక్కడుందో చేతికి తెలియాలి, ఎంత తీసుకుంటే నోట్లో పడుతుందో వేళ్లకి తెలియాలి, వేడి, మెత్తదనం, జిగట ముందు చర్మానికి అలవాటవ్వాలి. ఇవన్నీ చేత్తో నేర్చుకున్నాక మధ్యలో ఇంకో వస్తువు పెడితే పిల్లాడు సర్దుకుంటాడు. ఇవేవీ లేకుండా స్పూను ఇస్తే అది వాడికి ఆటవస్తువే. ఆటవస్తువుని కొరుకుతారు, విసురుతారు. మీవాడూ అదే చేస్తున్నాడు.

కాబట్టి రెండు నెలల్లో మొదటి మూడు వారాలు స్పూను గురించి టెన్షన్ పెట్టుకోకండి. చేత్తో తిననివ్వండి. స్పూను పక్కన ఉంటుంది, అంతే.

పక్కింటి పాపతో పోలిక కూడా వదిలేయండి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ 2022లో సవరించిన ఎదుగుదల పట్టిక ప్రకారం 18 నెలలకి పిల్లలు స్పూను వాడటానికి 'ప్రయత్నిస్తారు', రెండేళ్లకి స్పూనుతో తింటారు, మూడేళ్లకి ఫోర్కు వాడతారు. నూటికి 75 మందో అంతకంటే ఎక్కువ మందో ఆ వయసుకి చేయగలిగే పనులనే ఆ పట్టికలో పెట్టారు. మీవాడు ప్రయత్నించే దశలో ఉండాల్సినవాడు, ఉన్నాడు. ఆలస్యమేమీ కాలేదు.

స్పూను పట్టిన ఈ వయసు పిల్లాడిని ఒకసారి దగ్గరగా చూడండి. పిడికిలి బిగించి, అరచెయ్యి నేలవైపు ఉండేలా పట్టుకుంటాడు. గిన్నెలో గుచ్చుతాడు. ఏదో కాస్త అంటుకుంటుంది. పైకి లేపేటప్పుడు మోచెయ్యి భుజం ఎత్తుకి లేస్తుంది. నోటి దగ్గరికి వచ్చేసరికి స్పూను బోర్లా పడుతుంది. అన్నం ఒళ్లో, ఖాళీ స్పూను నోట్లో. అదే చప్పరించి మనవైపు గర్వంగా చూస్తాడు. ఇది నిర్లక్ష్యం కాదు, అల్లరీ కాదు. మణికట్టు తిప్పి అరచేతిని పైకి తెచ్చే కదలిక ఇంకా కుదరలేదు, అంతే. అది కుదిరేదాకా మోచెయ్యి ఎత్తి నెట్టుకొస్తాడు. రెండేళ్ల చుట్టుపక్కల ఒంపకుండా తెచ్చుకోవడం మెరుగవుతుంది. వేళ్ల మధ్య పెద్దవాళ్లలా పట్టుకోవడం చాలామందికి మూడేళ్లు దాటాకే. ఈలోగా "అలా కాదు, ఇలా పట్టుకో" అని పట్టు సరిచేస్తూ కూర్చోవద్దు. పిడికిలి పట్టు ఆ వయసుకి సరైన పట్టే.

మణికట్టు తిరగదని తెలిశాక చేయాల్సింది సులువు. స్పూను బోర్లా పడినా జారని తిండి పెట్టాలి. నేను తల్లులకి చెప్పే పరీక్ష ఒకటుంది. కలిపిన అన్నం ఒక చెంచాడు తీసి, చెంచా బోర్లించి, మూడు లెక్కపెట్టండి. పడకపోతే నేర్చుకోవడానికి పనికొస్తుంది. గట్టి పెరుగన్నం, ముద్దపప్పు నెయ్యీ వేసి మెత్తగా మెదిపిన అన్నం, మిరియాలు లేని కట్టె పొంగలి, చల్లారిన రాగి సంగటి, నెయ్యి తగిలించి మెత్తగా చేసిన ఉప్మా, చిదిమిన చిలగడదుంప, అరటిపండు గుజ్జు, ఇవన్నీ ఈ పరీక్షలో నెగ్గుతాయి. అంగన్వాడీలో బాలామృతం తెచ్చుకునేవాళ్లు దాన్ని జావలా కాకుండా గట్టిగా కలిపితే అదీ నెగ్గుతుంది. చారన్నం, రాగి జావ, పులిహోర, పొడిపొడిలాడే ఫ్రైడ్ రైసు నెగ్గవు. అవి ఆఖర్న వచ్చే చదువులు. విచిత్రమేమిటంటే, చాలా ఇళ్లలో "పలచగా ఉంటే గొంతు దిగుతుంది" అని మొదట జావ పెట్టి స్పూను చేతికిస్తారు. నాలుగు చుక్కలు నోట్లో, మిగతాదంతా చొక్కా మీద. అప్పుడు వాడికి విసుగు, మనకి విసుగు.

మనం రోజూ వండుకునే సన్నబియ్యం అన్నం మెతుకు మెతుకు విడిపోతుంది. బాబుకి విడిగా ఇంకో గ్లాసు నీళ్లు పోసి మెత్తగా వండండి, లేదా కలిపేటప్పుడు గరిటె వెనకవైపుతో మెదపండి. ఉప్మాలో, పొంగల్లో పోపు సంగతి మర్చిపోవద్దు. శనగపప్పు, మినప్పప్పు, ఎండుమిర్చి, జీడిపప్పు పలుకులు తీసెయ్యాలి. కరివేపాకు నాలిక మీద అతుక్కుంటే కొందరు పిల్లలు ఆ పూటకి నోరు మూసేస్తారు. ఇక కారం. చేత్తో తినే పిల్లాడు అదే చేత్తో కన్ను నలుపుకుంటాడు. వాడి కంచంలో కూర కారం లేకుండా ఉండాలన్నది నాలిక కోసమే కాదు.

ఇప్పుడు ఫోను. ఏడాది నిండి రెండేళ్లు నిండని పిల్లలకి స్క్రీను వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. మన పిల్లల డాక్టర్ల సంఘం, అంటే ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్, బంధువులతో వీడియో కాల్ తప్ప రెండేళ్లలోపు వద్దంటుంది. ఆ నియమాలు మీకు తెలిసే ఉంటాయి. భోజనం విషయంలో ఫోను చేసే నష్టం ఇంకొంచెం వేరు. పాట చూస్తున్న పిల్లాడు ముద్ద దగ్గరికి రాగానే నోరు తెరుస్తాడు. ముద్దని చూడడు, వాసన చూడడు, కడుపు నిండిందో లేదో గమనించడు. నోరు పనిచేస్తుంది, మనిషి అక్కడ లేడు. అలాంటి పిల్లాడి ముందు కంచం పెట్టి "నువ్వే తిను" అంటే వాడికి ఏం చేయాలో తెలియదు. ఆకలికీ చేతికీ మధ్య లంకె తెగిపోయింది కదా.

ఫోను ఒకేసారి అన్ని పూటలా మానిపిస్తే ఇంట్లో యుద్ధం జరుగుతుంది. మీ అత్తయ్యగారు, మీరు, బాబు, ముగ్గురూ ఏడుస్తారు. ఒక పూటతో మొదలుపెట్టండి. నా లెక్కలో అది పొద్దున్న టిఫిను అయితే మంచిది. రాత్రంతా నిద్రపోయి లేచాడు, ఆకలి ఉంటుంది. ఇడ్లీ, దోసె చేత్తో పట్టుకోవడానికి వీలు. మీరు కూడా ఇంట్లో ఉంటారు. ఆ పూట ఫోను ఎవరి చేతిలోనూ ఉండకూడదు. నాన్నగారి చేతిలో కూడా. వారం పది రోజులకి ఆ పూట కుదురుకున్నాక మధ్యాహ్నం భోజనం వైపు వెళ్లండి. రాత్రి భోజనం ఆఖరికి వదిలేయండి. అప్పటికి పిల్లాడికి నిద్ర ముంచుకొస్తూ ఉంటుంది. కొత్త విద్యలకి అది సమయం కాదు.

మీ అత్తయ్యగారి దగ్గర్నుంచి కంచం లాక్కోవద్దు. ఇది థెరపిస్టుగా చెప్తున్న మాట, కోడళ్ల పక్షమో అత్తల పక్షమో కాదు. మనవడికి గోరుముద్దలు తినిపించడం ఆవిడకి ఇష్టమైన పని, ఆవిడకి బాగా వచ్చిన పని కూడా. దాన్నే కొంచెం మళ్లించండి. అన్నం ఆవిడే కలుపుతారు, గోరుముద్దంత ఉండలు ఆవిడే చేస్తారు, కానీ నోట్లో పెట్టకుండా కంచం అంచు మీద వరసగా పెడతారు. తీసుకుని నోట్లో పెట్టుకునేది బాబు. మొదట్లో ఒక ముద్ద వాడు తీసుకుంటే రెండు ఆవిడ పెడతారు. మెల్లగా అది తిరగబడుతుంది. ఇలా చేసిన ఇళ్లలో నానమ్మలే తర్వాత గొప్పగా చెప్పుకుంటారు, "మావాడు తనే తింటాడమ్మా" అని. తిన్నాక దిష్టి తీస్తానంటే తీయనివ్వండి. దానివల్ల మన పనికి అడ్డమేమీ లేదు.

ఒళ్లో కూర్చోబెట్టుకోవడం మాత్రం మార్చాలి. ఒళ్లో వెనక్కి వాలిన పిల్లాడికి ఒక చెయ్యి మన చంక కింద ఇరుక్కుంటుంది, రెండోది తేలుతూ ఉంటుంది. ఇంకో సంగతి, పడుకోబెట్టి ఉగ్గుగిన్నెతో నోట్లో పోసే అలవాటు ఏ ఇంట్లోనైనా మిగిలి ఉంటే ఈరోజే ఆపేయండి. పొలమారి ఊపిరితిత్తుల్లోకి వెళ్లే ప్రమాదం ఉంది.

హైచైర్ కొనాలా అని అడుగుతారు. ఉంటే మంచిదే. కాకపోతే పాదాలు ఆనే పలక లేని కుర్చీ దండగ. కాళ్లు గాల్లో వేలాడితే పిల్లాడి బలమంతా నడుము నిలబెట్టుకోవడానికే పోతుంది, చేతికి ఏం మిగలదు. కుర్చీ ఉంటే పాదాల కింద డబ్బానో పుస్తకాల కట్టో పెట్టండి. లేకపోతే నేల మీద గోడకి వీపు ఆనేలా కూర్చోబెట్టి, ముందు ఒక పీట వేసి పీట మీద కంచం పెట్టండి. కంచం నేల మీద ఉంటే ముందుకు వంగి వంగి అలిసిపోతాడు. మోచెయ్యి ఎత్తుకి కంచం రావడం ముఖ్యం. కింద పాత నూలు చీర పరిస్తే అయిపోయాక నాలుగు అంచులూ కలిపి ఎత్తి దులపడమే. పసుపు మరక పడినా బాధలేని చొక్కా ఒకటి భోజనానికే కేటాయించండి. ఎండాకాలంలో ఆ చొక్కా కూడా అక్కర్లేదు.

కంచం అంచు నిలువుగా లేచి ఉండాలి. స్పూనుతో తోసినప్పుడు అన్నం ఆ గోడకి ఆనుకుని స్పూనులోకి ఎక్కుతుంది. పెద్దవాళ్ల పళ్లెంలో అంచు ఏటవాలుగా ఉంటుంది కాబట్టి అన్నం తోసిన కొద్దీ అవతలికి పోయి కింద పడుతుంది. చిన్న స్టీలు గిన్నె తేలిక, జారుతుంది. కింద తడిగుడ్డ మడిచి వేస్తే కదలదు. బల్లకి అతుక్కునే రబ్బరు గిన్నెలు షాపుల్లో బాగానే అమ్ముతున్నారు. చాలామంది పిల్లలు రెండు రోజుల్లో దాన్ని పీకడం నేర్చుకుంటారు. తడిగుడ్డే నయం. స్పూను పిడి పొట్టిగా, లావుగా ఉండాలి, ముందు భాగం లోతు తక్కువగా ఉండాలి. టీ స్పూను పిడి సన్నం, పిడికిలిలో తిరిగిపోతుంది. గుడ్డ టేపు నాలుగు చుట్లు చుడితే సరిపోతుంది. అన్నప్రాశనకి వచ్చిన వెండి చెంచా బీరువాలో ఉంటే తీసి చూడండి. చాలావరకు అవి పొట్టిగానే ఉంటాయి, పనికొస్తాయి.

ఇక నేర్పడం. రెండు స్పూన్లు పెట్టుకోండి, ఒకటి వాడికి, ఒకటి మీకు. మీరు ఎదురుగా కూర్చోవద్దు. వాడికి కుడిపక్కన, కొంచెం వెనగ్గా కూర్చోండి. ఎదురుగా ఉంటే మీ చెయ్యి కదిలే దిక్కు వాడికి తిరగేసి ఉంటుంది, పైగా ముఖాముఖీ కూర్చుంటే అది తినిపించే వ్యవహారంలానే ఉంటుంది. మీ స్పూనుతో నింపి కంచం అంచు మీద పెట్టండి, పిడి వాడివైపు. వాడు తీసుకుంటే మంచిదే. తీసుకోకపోతే వాడి పిడికిలి మీద మీ చెయ్యి వేసి, కలిసి ఎత్తి, నోటికి జానెడు దూరం వచ్చాక వదిలేయండి. ఆ చివరి జానెడు వాడి పని. నోట్లో పడిన ముద్ద తనే పెట్టుకున్నట్టు వాడికి అనిపించాలి. కొన్ని రోజులకి మీ చెయ్యి పిడికిలి మీద నుంచి మణికట్టుకి, ఆ తర్వాత మోచేతి కిందకి జరగాలి. సైకిలు నేర్పేవాళ్లు వెనక సీటు పట్టుకుని, చెప్పకుండా వదిలేస్తారే, ఇదీ అంతే. గిన్నెలోంచి అన్నం తీసుకోవడం కష్టమైన భాగం, దాన్ని ఆఖరికి నేర్పుతాం. నింపిన స్పూను నోటికి తెచ్చుకోవడం సులువు, దానితో మొదలు. చాలామంది దీన్ని వెనకనుంచి ముందుకు చేస్తారు. ఖాళీ స్పూనూ నిండు గిన్నే ఇచ్చి "తీసుకో" అంటారు.

ఆకలిగా ఉన్నప్పుడు మొదటి ఐదారు చెంచాలకే ఈ సాధన. ఆ తర్వాత వాడు చేత్తో తిన్నా, నానమ్మ ముద్దలు అందించినా మీరేమీ అనొద్దు. పిడికిలి త్వరగా అలిసిపోతుంది. భోజనం మొత్తం 20 నిమిషాలు, మహా అయితే 30. గంటసేపు ఇల్లంతా తిప్పుతూ బాల్కనీలో కాకిని, గేటు దగ్గర కుక్కని చూపిస్తూ పెట్టే భోజనానికి ఫోనుకీ పెద్ద తేడా లేదు.

స్నానం దగ్గర కూడా సాధన చేయించొచ్చు. బకెట్లో నీళ్లు చిన్న గ్లాసుతో ముంచి మగ్గులో పోయమనండి. మణికట్టు తిప్పడం దానంతట అదే వస్తుంది. పక్కన మాత్రం మీరు ఉండాల్సిందే, బకెట్ దగ్గర పసిపిల్లాడిని క్షణం కూడా వదలకూడదు. చపాతీ పిండి ముద్ద ఇస్తే వేళ్ల బలం పెరుగుతుంది. కందిపప్పో శనగలో ఇచ్చి చెంచాతో ఆడుకోమనడం మాత్రం వద్దు. ఈ వయసులో అవి ముక్కులోకి వెళ్తాయి.

విసిరెయ్యడం గురించి. మొదట ఎప్పుడు విసురుతున్నాడో చూడండి. భోజనం మొదట్లోనే అయితే ఆకలి లేదని అర్థం, లేదా కంచంలో మరీ ఎక్కువ పెట్టేశారు. రెండు మూడు చెంచాలంత పెట్టి, అయిపోయాక మళ్లీ వడ్డించండి. చివర్లో అయితే కడుపు నిండింది, "చాలు" అనడం రాక చేత్తో చెప్తున్నాడు. అరచేతులు ఊపి "చాలు" అనే సైగ నేర్పండి. రోజుల్లోనే పట్టుకునే పిల్లలు చాలామంది ఉంటారు. మధ్యలో అయితే అది పడితే టంగుమని మోగుతుందా లేదా అన్న పరిశోధన. స్టీలు చెంచా శబ్దం వాళ్లకి మహా ఇష్టం. మొదటిసారి మామూలు గొంతుతో "చెంచా ఇక్కడ" అని కంచం పక్కన పెట్టండి. రెండోసారి విసిరితే "అయిపోయిందన్నమాట" అని కంచం తీసెయ్యండి, మూతి తుడవండి, దింపెయ్యండి. కోపం వద్దు, బతిమాలడం వద్దు. ముఖ్యంగా తాతగారు నవ్వకూడదు. ఇంట్లో ఒక్కరు నవ్వినా ఆ ఆట ఇంకో నెల నడుస్తుంది. తర్వాత రెండు, రెండున్నర గంటలకి మళ్లీ తిండి. ఈలోపు మంచినీళ్లు తప్ప ఏమీ ఉండకూడదు. పది నిమిషాల్లో "పాపం ఏమీ తినలేదు" అని బిస్కెట్ ఇస్తే వాడు నేర్చుకునే పాఠం మీరు ఊహించగలరు.

అసలు కష్టం ఇక్కడే ఉంటుంది. పిల్లాడికి చెంచా ఇవ్వడం తేలిక. ఎంత తిన్నాడన్న లెక్క వదులుకోవడం పెద్దవాళ్లకి చాలా కష్టం. ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది మీ చేతిలో ఉంటుంది. ఎంత తినాలన్నది వాడిది. ఇది ఒప్పుకోకపోతే పైన చెప్పినవన్నీ చేసినా చివరి నాలుగు ముద్దలు ఎవరో ఒకరు కుక్కుతారు, రేపటి నుంచి కంచం చూడగానే వాడు తల తిప్పుకుంటాడు. ధైర్యం కోసం కొన్ని లెక్కలు చెప్తాను. మూడు కిలోల బిడ్డ మొదటి ఏడాదిలో దాదాపు ఆరు కిలోలు పెరుగుతుంది. రెండో ఏడాదిలో పెరిగేది సుమారు రెండు, రెండున్నర కిలోలే. అందుకే ఏడాది దాటాక తిండి తగ్గినట్టు కనిపిస్తుంది. ఏడాది నుంచి రెండేళ్ల దాకా పూటకి 250 మిల్లీలీటర్ల కప్పులో ముప్పావు నుంచి నిండుగా, అలా రోజుకి మూడు నాలుగు పూటలు, మధ్యలో ఒకటి రెండుసార్లు చిరుతిండి అన్నది సాధారణ కొలత. చాలా ఇళ్లలో దీనికి రెట్టింపు కలిపి, సగం తిన్నాడని బాధపడుతుంటారు. వాడు తిన్నది సరిపోయినంత.

పాలు కూడా చూసుకోండి. రోజుకి అర లీటరు దాటి పాలు తాగే పిల్లాడికి అన్నం మీద ఆకలి ఉండదు, రక్తంలో ఐరన్ కూడా తగ్గుతుంది. సీసా ఇంకా ఉంటే ఇది మాన్పించాల్సిన వయసే. చిన్న స్టీలు గ్లాసులో రెండు గుక్కలు పోసి ఇవ్వండి, ఒలికినా రెండు గుక్కలే ఒలుకుతాయి. బరువు గురించి అనుమానం ఉంటే అంగన్వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఎదుగుదల గీతలు ఉంటాయి, నెలకోసారి బరువు చూసి చుక్క పెట్టించండి. గీత వెంబడి పైకి వెళ్తుంటే కంచంలో ఎంత మిగిలిందన్నది మర్చిపోవచ్చు.

ఎడమ చెయ్యి. 19 నెలల వయసులో చేతులు మార్చడం మామూలే. ఏ చేతివాటమో చాలామందిలో రెండు నుంచి నాలుగేళ్ల మధ్య తేలుతుంది. స్పూను కంచానికి మధ్యలో పెట్టండి, వాడికి ఏ చెయ్యి వస్తే అది. ఎడమ చేత్తో తినడం తప్పు, దేవుడి ప్రసాదం కూడా ఆ చేత్తో తింటాడా అని పెద్దవాళ్లు అంటారు. అనకుండా ఉండరు కూడా. వాళ్లతో వాదన పెట్టుకోకుండా, "ఇంకా ఏ చెయ్యో తేలలేదు, థెరపిస్టు మార్చొద్దన్నారు" అని నా మీద తోసేయండి. తీరా ఎడమచేతి వాటమే అని తేలితే ఆ చేత్తోనే తిననివ్వాలన్నది నా గట్టి అభిప్రాయం. ఏడాదిన్నర లోపే ఎప్పుడూ ఒకే చెయ్యి వాడుతూ, రెండో చేతిని పిడికిలి బిగించి ఒంటికి అదుముకుని ఉంచితే మాత్రం అది చేతివాటం కాదు, డాక్టరుకి చూపించాల్సిన లక్షణం.

సొంతంగా తినే పిల్లాడి దగ్గర ఒక పెద్దమనిషి కూర్చునే ఉండాలి. వేరుశనగ గింజలు, పుట్నాలు, పాప్‌కార్న్, చాక్లెట్ గోళీలు, పచ్చి క్యారెట్ ముక్కలు ఈ వయసుకి వద్దు. ద్రాక్ష పండు నిలువుగా నాలుగు ముక్కలు చేయాలి. సపోటా, సీతాఫలం, రేగుపండు గింజలు తీశాకే. కొత్త ముక్క నోట్లో పెట్టుకుని "ఓక్" అని, కళ్లు ఎర్రబడి, దగ్గి ఉమ్మేస్తే భయపడొద్దు, అది శరీరం తనని తాను కాపాడుకోవడం. శబ్దం ఉన్నంతసేపు గాలి ఆడుతోంది, దగ్గనివ్వండి. శబ్దం లేకుండా, దగ్గలేక, ఏడవలేక, పెదాలు నల్లబడుతుంటే అది గొంతుకి అడ్డం పడటం. ఏడాది దాటిన పిల్లాడిని ముందుకు వంచి రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు గట్టిగా కొట్టాలి. బయటికి రాకపోతే వెనకనుంచి చేతులు చుట్టి, బొడ్డుకి కాస్త పైన, పిడికిలితో లోపలికీ పైకీ ఐదుసార్లు నొక్కాలి. వచ్చేదాకా ఈ రెండూ మార్చి మార్చి చేయాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. కంటికి కనిపించని ముక్క కోసం నోట్లో వేలు పెట్టి గెలకొద్దు, లోపలికి పోతుంది. ఇది చదివి ఊరుకోకుండా మీ అత్తయ్యగారికీ, ఇంట్లో పనిచేసే అమ్మాయికీ చేసి చూపించండి.

ఏది మామూలు కాదో కూడా చెప్తాను. ప్రతి మెత్తటి పలుకుకీ వాంతి చేసుకుని జావ తప్ప ఏదీ దిగకపోవడం, నీళ్లు తాగిన ప్రతిసారీ పొలమారడం, వేళ్లకి ఏదైనా అంటితే తట్టుకోలేక ఏడవడం, ఒక రంగు లేదా ఒకే రకం తిండి తప్ప నోట పెట్టకపోవడం, బరువు గీత పడిపోవడం, వచ్చిన పని మళ్లీ రాకుండా పోవడం. వీటిలో ఏదున్నా నెలలు ఆగకుండా పిల్లల డాక్టరుకి చూపించండి. ఖర్చు గురించి ఆలోచించేవాళ్లకి, ప్రభుత్వం 2013లో మొదలుపెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయి ఆసుపత్రుల్లో డీఈఐసీ (డిస్ట్రిక్ట్ ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్) అనే కేంద్రాలు ఉన్నాయి. పిల్లల ఎదుగుదల పరీక్షలు, థెరపీ అక్కడ ఉచితం. మీ అంగన్వాడీ టీచరునో ఏఎన్ఎంనో అడిగితే మీ జిల్లాలో ఎక్కడో చెప్తారు.

డేకేర్ సంగతి. "స్పూనుతో నేర్పి పంపండి" అన్నారంటే చాలావరకు వాళ్లకి ఒక్కొక్కరికీ తినిపించే మనుషులు తక్కువ అని అర్థం. వెళ్లి మూడు విషయాలు అడగండి. చేత్తో తింటే ఒప్పుకుంటారా, భోజనం దగ్గర టీవీ పెడతారా, తినడం ఆపేసిన పిల్లాడికి బలవంతంగా పెడతారా. మొదటిదానికి అవునని, మిగతా రెంటికీ లేదని చెప్తే స్పూను రాకపోయినా అక్కడ ఇబ్బంది ఉండదు. టీవీ పెడతామంటే నేనైతే ఇంకో చోటు చూసుకుంటాను. ఏ డబ్బాలో పంపబోతున్నారో ఆ డబ్బాలోనే ఇంట్లో ఇప్పటినుంచి పెట్టండి, కొత్త డబ్బా అయితే తిండి కూడా కొత్తగా అనిపించే పిల్లలున్నారు. మూత వాడు తీయగలిగేది చూసుకోండి. మొదటి వారాలు అక్కడికి వాడికి బాగా వచ్చినవే పంపండి. నెయ్యి రాసిన ఇడ్లీ ముక్కలు, దోసె చుట్టలు, గట్టి పెరుగన్నం. కొత్త కూరల ప్రయోగాలు ఆదివారం ఇంట్లో పెట్టుకోవచ్చు. వాళ్ల భోజనం టైము కూడా కనుక్కోండి. చాలాచోట్ల పదకొండున్నరకే పెట్టేస్తారు. మీ ఇంట్లో ఒంటిగంటకి తినే పిల్లాడికి అప్పటికి ఆకలే వెయ్యదు. చేరడానికి రెండు వారాల ముందు నుంచే రోజుకి పదేసి నిమిషాలు ముందుకు జరుపుకుంటూ రండి.